బ్రేకు స్విచ్చి దోషమును గుర్తించుట

(చోడవరము ప్రాంత రైతుల శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేను సేద్య శాస్త్రము బోధించువాడను, మెకానిక్కును కాను. చోడవరము రైతులు కూడినచోట చెఱకు ముచ్చెల శుద్ధిని గూర్చియో, కార్శి తోటల పోషణను గూర్చియో చెప్పక, మోటారు బండి బ్రేకు స్విచ్చిని గూర్చి చెప్పబూనుట మీకు వింతగా తోచవచ్చును. ఇందుకు కారణము నా స్వానుభవమే.

నా కారు ఆటోమేటిక్ బండి. అనగా దానికి క్లచ్చి పెడలు లేదు. గేర్లు తమంత తామే మారును. ఒకనాటి ఉదయము ఇంజను నడచుచున్నను, ఎంత తొక్కినను, గేరు లివరు పార్కింగు స్థానమునుండి కదలలేదు. ఒక షెడ్డులో చూపగా బ్రేకు స్విచ్చి పోయినదని చెప్పి క్రొత్తది వేసిరి. బండి కదిలినది. వారము తిరుగక మునుపే మరల అదే తిప్పలు. ఈసారి బండి నిలిచినది ఒక రైతు కళ్ళము ప్రక్కన. ఆ పెద్దాయన ముప్పది ఏండ్లుగా ట్రాక్టరు నడుపుచున్నవాడు. "మాస్టారూ, స్విచ్చి మాట తర్వాత. ముందు ఎనక దీపాలు ఎలుగుతున్నాయో నేదో సూడండి" అనెను. నేను బ్రేకు తొక్కితిని. ఆయన వెనుకకు పోయి చూచెను. ఒక్క దీపమును వెలుగలేదు. ఫ్యూజు తీసి చూడగా కాలిపోయియున్నది. ఏల కాలినదని వెదకగా, డిక్కీ మూత బందు వద్ద దీపమునకు పోవు తీగ ఒరిసికొని పైతొడుగు చినిగి, లోపలి రాగి ఇనుమునకు తగులుచున్నది. మొదటిసారి షెడ్డులో స్విచ్చితోపాటు ఫ్యూజును కూడ మార్చియుండిరి. అందుచేతనే బండి కదిలినది. జబ్బు మాత్రము అట్లే నిలిచినది.

తరగతిలో నేను చెప్పునదేమి? చెఱకు ఆకు పసుపుబారినంతనే యూరియా చల్లరాదు. ముదురాకులు ముందుగా పసుపుబారిన నత్రజని లోపము. లేతాకులలో ఈనెలు ఆకుపచ్చగానుండి నడుమ భాగము పాలిపోయిన ఇనుప ధాతు లోపము. రెండవదానికి యూరియా ఎంత వేసినను ఫలము లేదు. అన్నభేది ద్రావణము పిచికారి చేయవలెను. ఇంత చెప్పు నేనే బండి విషయమున లక్షణము చూచి మందు కొనితిని. మీకు అట్టి నష్టము కలుగకుండుటకే ఈ ప్రసంగము.

విద్యుత్తు పోవు దారి

బ్యాటరీని చెఱువుగాను, ఫ్యూజును తూముగాను, తీగను కాలువగాను భావింపుడు. బ్రేకు స్విచ్చి మడవ. వెనుక దీపము మడి. మడికి నీరు రానప్పుడు మీరు మడవనే త్రవ్వరు. కాలువ వెంట నడచి ఎచ్చట నీరు ఆగినదో చూతురు. ఇచ్చటను అంతే. ఒక్క భేదము గలదు. విద్యుత్తు దీపమును వెలిగించి తిరిగి బ్యాటరీకి చేరవలెను. ఆ తిరుగు దారి బండి ఇనుప చట్రమే. దీనినే ఎర్తు అందురు. ఎర్తు తెగినను దీపము వెలుగదు.

బ్రేకు స్విచ్చి పెడలు పైభాగమున ఉండును. పెడలు తొక్కనప్పుడు దాని కాడ స్విచ్చి ముందున్న చిన్న పుల్లను లోనికి నొక్కిపట్టియుండును, దీపములు వెలుగవు. తొక్కగానే పుల్ల వెలుపలికి వచ్చి, లోపలి రేకులు కలిసి, దీపములు వెలుగును.

ఆటోమేటిక్ బండిలో ఈ స్విచ్చికి మరికొన్ని పనులు గలవు. బ్రేకు తొక్కినట్లు దీని ద్వారా వార్త అందిననే గాని లివరు పార్కింగునుండి కదలదు. బటను నొక్కి స్టార్టు చేయు బండ్లలో చాలవరకు ఇంజను కూడ స్టార్టు కాదు. మన దేశమున 2014లో మారుతి సెలేరియోతో వ్యాప్తిలోనికి వచ్చిన ఏ.ఎం.టి. కార్లలో సాధారణముగా పార్కింగు స్థానమే ఉండదు. అట్టివానిలో స్విచ్చి చెడిన, ఇంజను స్టార్టు కాకపోవుటయే మొదటి లక్షణము.

ఈ కట్టుబాటు ఊరక పెట్టినది కాదు. ఆటోమేటిక్ కార్లు నిలిచినచోటునుండి ఒక్కసారిగా దూకుచున్నవని అమెరికాలో ఫిర్యాదులు రాగా, అచ్చటి రహదారి భద్రతా సంస్థ విచారించి 1989లో నివేదిక ప్రకటించినది. బ్రేకు తొక్కుచున్నామనుకొని యాక్సిలరేటరు తొక్కుటయే వానిలో అధిక భాగమునకు కారణమని అందు తేల్చిరి. 2010 సెప్టెంబరు నుండి తయారగు ఆటోమేటిక్ కార్లకు ఈ తాళపు ఏర్పాటును ఆ దేశము తప్పనిసరి చేసినది. పిల్లలు ఆడుకొను కళ్ళములో బండి నిలుపు మనకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పరీక్షించు క్రమము

బండిని చదునైన చోట నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రములకు అడ్డురాళ్ళు పెట్టి, ఇంజను ఆపవలెను. తరువాత ఈ వరుసలో చూడవలెను.

1. తోడు మనిషిని వెనుక నిలిపి బ్రేకు తొక్కుడు. ఎవరును లేకున్న గోడకు వెనుకగా నిలిపి వెలుగు పడుచున్నదేమో అద్దములో చూడుడు. ఒక్క దీపమే వెలుగకున్న బల్బు గాని దాని ఎర్తు గాని చెడినది. స్విచ్చి దోషము కాదు. అన్నియు వెలుగకున్న రెండవ మెట్టుకు పొండు. అన్నియు వెలుగుచున్నను లివరు కదలకున్న, స్విచ్చిలోని రెండవ జత రేకులనో, లివరు క్రింది తాళమునో అనుమానింపవలెను.

2. ఫ్యూజు చూడుడు. ఏది బ్రేకు దీపముల ఫ్యూజో పెట్టె మూతపై గాని బండి పుస్తకములో గాని ఉండును. కాలియున్న అదే ఆంపియరు గలది ఒక్కసారి వేసి చూడుడు. మరల కాలిన, తీగ ఎచ్చటనో ఇనుమునకు తగులుచున్నదని నిశ్చయము. డిక్కీ బందు వద్ద, దీపముల వెనుక, ఎలుకలు కొరుకు చోట్ల వెదకవలెను. పెద్ద ఫ్యూజు గాని రాగి తీగ చుట్ట గాని ఎన్నడును వేయరాదు. అప్పుడు కాలునది ఫ్యూజు కాదు, బండి.

3. పెడలు కాడ చూడుడు. స్విచ్చి పుల్ల తగులు చోట ఒక చిన్న రబ్బరు లేక ప్లాస్టిక్ బిళ్ళ ఉండును. ఏండ్లు గడచిన పిదప అది పొడియై రాలిపోవును. అప్పుడు పుల్ల ఆ రంధ్రములో దూరి, తొక్కకున్నను దీపములు రాత్రియంతయు వెలిగి, తెల్లవారుసరికి బ్యాటరీ ఖాళీయగును. బ్రేకు తొక్కకయే లివరు కదలును. ఇది మిక్కిలి అపాయము. దీనికి కావలసినది చిన్న బిళ్ళయే గాని క్రొత్త స్విచ్చి కాదు.

4. పిమ్మట మల్టీమీటరు. తాళము తిప్పి, నల్ల తీగను ఇనుమునకు, ఎఱ్ఱ తీగను స్విచ్చిలో దీపముల తీగ వచ్చు కొనకు ఆనింపుడు. ఒక కొనలో సుమారు 12 వోల్టులు ఉండవలెను. లేకున్న ఫ్యూజు వైపు దారి తెగినది. రెండవ కొనలో పెడలు వదలినప్పుడు సున్న, తొక్కినప్పుడు సుమారు 12 రావలెను. రాకున్న స్విచ్చి గాని దాని బిగింపు గాని దోషము. వచ్చుచున్నను దీపములు వెలుగకున్న దోషము అచ్చటినుండి వెనుకకు ఉన్నది.

5. దీపము మసకగా వెలుగుచున్న, తొక్కియుంచి స్విచ్చి రెండు కొనల నడుమ కొలువుడు. అర వోల్టుకు మించిన, లోపలి రేకులు మాడినవని తెలియవలెను.

క్రొత్త బండ్లలో కంప్యూటరు రెండు జతల రేకుల వార్తలను పోల్చి చూచుచుండును. అవి పొసగనప్పుడు పి 0504 అనియు, స్విచ్చి దారిలో దోషమున్నప్పుడు పి 0571 అనియు సంకేతము నిలుపును. స్కానరులో ఈ అంకె కనబడినంతమాత్రమున స్విచ్చి మార్చవలెనని కాదు. ఆ దారిలో వెదకవలెనని అర్థము. కంప్యూటరుకు పోవు తీగలను బల్బు కట్టిన టెస్టరుతో పరీక్షింపరాదు. పసుపు రంగు తొడుగు గల తీగలు గాలి సంచులవి కావచ్చును, వానిని తాకరాదు.

ట్రాక్టరు, ట్రక్కు

ట్రాక్టరులో లివరుకు ఇట్టి తాళము లేకున్నను దీపముల దారి ఇదే. గోవాడ చక్కెర కర్మాగారమునకు చెఱకు తోలినవారు ఎరుగుదురు, గడలు వెనుకకు వ్రేలాడు ట్రక్కు తెల్లవారుజాము మంచులో దగ్గరకు వచ్చువరకు కానరాదు. ముందు బండి ఆగుచున్నదని వెనుకవానికి చెప్పునది ఆ ఎఱ్ఱ దీపమొక్కటియే.

ట్రాక్టరు దీపము వెలిగి ట్రక్కు దీపము వెలుగకున్న, స్విచ్చి మంచిదే. ఏడు పిన్నుల సాకెట్టులో దుమ్ము, తుప్పు ఉన్నవేమో చూచి తుడువుడు. ట్రక్కుకు ఎర్తు తీగ లేక కేవలము కొక్కెము ఇనుముపై ఆధారపడిన, తుప్పు పట్టినప్పుడు దారి తెగును. బ్రేకు తొక్కగా ఇండికేటరు మినుకుమినుకుమన్న అది ఎర్తు దోషమునకు గుర్తు. చట్రమునుండి సాకెట్టుకు వేరు తీగ బిగించిన ఆ చిక్కు తీరును. రోడ్డెక్కు మునుపు కుడి ఎడమ బ్రేకు పెడళ్ళను కలిపి గడియ వేయుట మరువరాదు.

చేయరాని పని

బండి నిలిచిపోయినచోట, స్విచ్చి రెండు తీగలను కలిపి ముడివేయుదమని చెప్పువారు కొందరుందురు. లివరు కదలును, నిజమే. కాని ఆనాటినుండి బ్రేకు దీపములు ఆరవు. మీరు ఎప్పుడు ఆగుచున్నారో వెనుకవానికి తెలియదు. తొక్కకయే లివరు కదలును. అత్యవసరమునకు చాల బండ్లలో లివరు ప్రక్కన చిన్న మూత క్రింద తాళము విడిపించు మీట గలదు. చేతి బ్రేకు వేసి, కాలి బ్రేకు తొక్కియుంచి, దానిని నొక్కి బండిని షెడ్డుకు చేర్చవచ్చును. అది చేర్చుటకే గాని నడుపుకొనుటకు కాదు.

సోదరులారా, ఈ పరీక్షలలో మొదటి మూటికి పైసా ఖర్చు లేదు. నాకు స్విచ్చి వెల వృథాయైనది. తీగకు చుట్టిన టేపు వెల కొద్ది రూపాయలే. షెడ్డుకు పోవుటలో తప్పు లేదు. పోవునప్పుడు "స్విచ్చి మార్చుడు" అనక, "దీపములు ఇట్లున్నవి, ఫ్యూజు ఇట్లున్నది, ఇచ్చటివరకు విద్యుత్తు వచ్చుచున్నది" అని చెప్పుడు. పని చక్కగా జరుగును.

ఈ సాయంకాలము ఇల్లు చేరిన వెంటనే ఒకరు పెడలు తొక్కుడు, మరొకరు వెనుక నిలిచి చూడుడు. కారైనను, ట్రాక్టరైనను, ట్రక్కైనను ఒక నిమిషము చాలును. ఆ ఎఱ్ఱ దీపము మీకు కనబడునది కాదు. మీ వెనుక వచ్చువానికి కనబడునది. కాన దానిని చూచు బాధ్యత మీదే.