పీఎస్6లో డిస్క్ ఉంటుందా? నా అంచనా

పీఎస్4 2013 నవంబర్‌లో, పీఎస్5 2020 నవంబర్‌లో వచ్చాయి. ఆ ఏడేళ్ల లెక్కన పీఎస్6 2027 చివర్లో రావాలి. ర్యామ్ రేట్లు చూస్తుంటే 2028 అయినా నేను ఆశ్చర్యపోను.

గ్రాఫిక్స్ గురించి నాకు బెంగ లేదు. ఏఎండీతో కలిసి రే ట్రేసింగ్‌కి ప్రత్యేక హార్డ్‌వేర్ చేస్తున్నామని మార్క్ సెర్నీ 2025లోనే చెప్పేశాడు. బెంగంతా డిస్క్ మీదే. పీఎస్5 ప్రోలో డ్రైవ్ తీసేసి, కావాలంటే విడిగా కొనుక్కోమన్నారు కదా, పీఎస్6లోనూ అంతే అని నా గెస్. మనకి ఐదు వేల గేమ్ అంటే మాటలా? ఆడేసి, సగం రేటుకి అమ్మేసి, ఇంకోటి కొంటాం. డిజిటల్‌లో కొన్నది అమ్ముకోవడానికి లేదు. అందుకే డ్రైవ్ రేటు కూడా కలిపి బడ్జెట్ వేసుకోండి. పాత పీఎస్5 డిస్కులు మాత్రం అమ్మకండి, అవి పీఎస్6లో ఆడతాయని నేను పందెం కాస్తా.