వినికిడియే వర్తకమునకు పెట్టుబడి

(కిమ్‌లో తెలుగు ఉద్యోగుల కుటుంబముల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సామాజిక మాధ్యమములను గమనించి, వానిని చక్కగా నిర్వహించుట వలన వర్తకమునకు కలుగు మేలును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను వర్తకుడను కాను, నెలజీతముతో బ్రదుకువాడను. అయినను ఈ విషయము మన వాకిళ్లు దాటి ఇండ్లలోనికే వచ్చినది గనుక అంగీకరించితిని.

సాయణ్, కోసంబా స్టేషన్ల నడుమ నున్న మన కిమ్‌లో రైలెక్కినచో కొలదిసేపటిలో సూరత్తు చేరుదుము. కృత్రిమ నూలు బట్టలకు ఆ నగరము దేశమంతట పేరుగన్నది. అచ్చటి లింబాయత్ మొదలగు పేటలలో, మరమగ్గముల పనికై తెలంగాణ జిల్లాలనుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబములు దశాబ్దములుగా నివసించుచున్నవి. సూరత్తు చీరలకు ఫోటోలు తీసి, వాట్సాప్ ద్వారా స్వగ్రామములలోని బంధుమిత్రులకు చూపి అమ్ముచున్న గృహిణులు ఈ సభలోనే కొందఱు కలరు. 2018లో వాట్సాప్ బిజినెస్ వెలువడెను. మరుసటి సంవత్సరమున అందులో సరకుల పట్టిక పెట్టుకొను వసతియు చేరెను. కూర్చున్నచోటనే అంగడి తెఱచినట్లయినది.

అయితే అంగడి తెఱచుట వేఱు, వర్తకము తెలియుట వేఱు. మన చిన్ననాటి బట్టల షావుకారును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆయన చీర మడత విప్పుచు, చీరవంక గాక, కొనవచ్చిన ఇల్లాలి ముఖమువంక చూచెడివాడు. ఆమె కనుబొమ ముడివడినచో ఆ చీర ప్రక్కకు పోయి మఱియొకటి వచ్చెడిది. ఫోనులో మనకు ఆ ముఖము కానరాదు. ఆమె వ్రాసిన రెండు మాటలే ముఖము. ఆ మాటలను వెదకి చదువుటయే గమనించుట. చదివినదానికి బదులు చెప్పి, తప్పు దిద్దుకొనుటయే నిర్వహణ. తక్కినదంతయు ఈ రెంటి విస్తరణమే.

ఇది నాకు పుస్తకము వలన తెలిసినది కాదు. మా యింటి సంగతియే చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట నా భార్య చీరల అమ్మకము మొదలిడెను. టోకు వర్తకుడు పంపిన ఫోటోల క్రింద ‘పోచంపల్లి’ అని యుండగా, ఆమెయు ఆ పేరుతోనే బంధువుల గ్రూపులో పెట్టెను. ఒకనాడు మా మేనత్త కూతురు ఇట్లు వ్రాసెను: “అక్కా, ఇది మగ్గము మీద నేసినది కాదు, అచ్చువేసినది. దీనికి మా యూరి పేరు పెట్టినచో, మా నాయన నేసినదానికి ఏమి పేరు పెట్టవలెను?”

నాకు కోపము వచ్చినది. “ఆ మాట చెఱిపివేసి, ఆమెను గ్రూపునుండి తొలగింపుము” అని సలహా యిచ్చినవాడను నేనే. నా భార్య అట్లే చేసెను. ఎవ్వరును పల్లెత్తు మాట అనలేదు. కాని ఆ పిమ్మట చీర ధర అడుగువారు క్రమముగా తగ్గిపోయిరి. నోరెత్తి చెప్పిన యొక్కరిని వెడలగొట్టినందున, మనసులో అనుకొన్న పదిమందిని పోగొట్టుకొంటిమి.

ఆమె చెప్పినది సత్యము. పోచంపల్లి పనిలో నూలునకు ముందుగానే ముడులు కట్టి రంగులద్ది, తరువాత నేయుదురు. కావున చీరకు రెండు వైపుల పువ్వు ఒకేరీతిగా కనబడును. అచ్చు చీరను తిరుగవేసి చూచినచో సాధారణముగా వెనుక రంగు వెలవెలబోవును. ఆ నేతకు 2005లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. ఆ పేరు నేతగాండ్ర సొత్తు. మా మామ రోజుల తరబడి శ్రమించి నేసిన చీర, మేమమ్మిన కొలది రూపాయల అచ్చు చీర ప్రక్కన పేరు పంచుకొని నిలువవలసి వచ్చినది. నా భార్య ఆమెకు ఫోను చేసి క్షమాపణ కోరి, గ్రూపులో తప్పు నొప్పుకొని, ఇష్టములేనివారు చీర తిరిగి పంపవచ్చునని వ్రాసెను. కొన్ని చీరలు తిరిగి వచ్చినవి, నష్టము కలిగినది. కాని ధర అడుగువారు మరల వచ్చిరి.

ప్రచారమునకు శక్తి లేదని నా భావము కాదు. 2016 ఆగస్టులో నాటి కేంద్ర జౌళిశాఖ మంత్రి స్మృతి ఇరానీగారు చేనేత చీర ధరించిన తమ ఫోటోను పెట్టి ‘ఐ వేర్ హాండ్లూమ్’ అను పిలుపు నీయగా, అసంఖ్యాకులు తమ ఫోటోలతో బదులిచ్చిరి. అది గొప్ప చాటింపు. అయితే చాటింపు నాలుగు దినముల పని, వినుట ఏడాది పొడవునను చేయవలసిన పని. ఇందుకు మన కేంద్ర ప్రభుత్వ శాఖలలోనే ఉదాహరణము కలదు. నేడు ఎక్స్ అని పిలువబడు ట్విట్టరులో ప్రయాణికులు వ్రాసిన మొఱలను రైల్వేశాఖవారు చదివి, నడుచుచున్న రైలులోనే సాయమందించిన సందర్భములు 2014 తరువాత పత్రికల కెక్కినవి. ఆలకింపబడితినన్న తృప్తియే ప్రయాణికునకు సగము ఉపశమనము.

ఇక ఆచరణకు వత్తము. రెండణాల పుస్తకము చాలును. నాలుగు గళ్లు గీయుడు: తేది, మాట ఎచ్చట వచ్చినది, ఏమన్నారు, మనమేమి చేసితిమి. పొగడ్తయైనను తెగడ్తయైనను వదలక వ్రాయుడు. వారమున కొకపరి తిరుగవేయుడు. మా పుస్తకములో తఱచుగా కనబడిన మొఱ రంగును గూర్చినది. నా భార్య వంటపని ముగించుకొని రాత్రి ట్యూబులైటు క్రింద ఫోటోలు తీయుటయే దానికి కారణము. పగటి వెలుతురున తీయ మొదలిడగా ఆ మొఱ తగ్గిపోయినది. పిమ్మట ప్రతి చీర క్రింద నూలు రకమును, చీర పొడవును, రవిక ముక్క కొలతను వ్రాయ నారంభించెను; ప్రశ్నలు సగము తగ్గినవి. పదిమంది యెదుట వచ్చిన మొఱకు పదిమంది యెదుటనే మర్యాదగా బదులీయవలెను. చిరునామా, సొమ్ము సంగతులు మాత్రము విడిగా మాటలాడవలెను.

మఱి రెండు హెచ్చరికలు. బంధువులచేత లేని పొగడ్తలు వ్రాయింపకుడు. కొనుగోలుదారుల అభిప్రాయములను నిజాయితీగా ప్రకటించుటకై 2022 నవంబరులో భారత ప్రమాణముల సంస్థవారి ప్రమాణమే వెలువడినది. రెండవది మనకు ముఖ్యము. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళిలోని 15వ నియమము ననుసరించి, కుటుంబ సభ్యులు వ్యాపారము చేయుచున్నచో ఉద్యోగి ఆ సంగతి ప్రభుత్వమునకు తెలుపవలెను. ఇంటివారి వ్యాపారము కొఱకు ఉద్యోగి తాను సిఫారసు చేయరాదు. కావున ఆఫీసు గ్రూపులో చీరల ఫోటోలు పెట్టకుడు. క్రింది ఉద్యోగి మొగమాటముతో కొన్న చీర అమ్మకము కాదు, వసూలు.

సోదరీమణులారా, మీ గ్రూపులో రేపొకరు మీ సరకును తప్పుపట్టినచో చెఱిపివేయ చేయి చాపకుడు. ఒక్క నిమిషము ఆగి రెండవమాఱు చదువుడు. మా మేనత్త కూతురు నేటికిని మా గ్రూపులో నున్నది. క్రొత్త చీర ఫోటో పెట్టునపుడెల్ల, ఆమె యేమనునో యని నా భార్య ముందుగా ఆలోచించును. మా చిన్న వర్తకమునకు ఆమెకంటె మేలైన తనిఖీ అధికారి లేదు.