ఒడ్డెక్కవలసిన నావ
(నిజామాబాదు విద్యార్థుల సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ఏటి కావల పొలమున్న రైతునకు ఒక చిక్కు తరతరములుగా తెలియును. బండి ఒడ్డు వరకే వచ్చును. అచ్చట బరువు దింపి పుట్టి కెక్కింపవలెను. ఆవలి గట్టున మరల దింపి మరియొక బండి కెత్తవలెను. రెండవ ప్రపంచ యుద్ధమున మహాసైన్యములకు వచ్చిన చిక్కును ఇదియే. రేవులు శత్రువుల చేతిలో నుండెను. ఓడలు దూరమున సముద్రములోనే నిలువవలసి వచ్చెను.

1942లో అమెరికనులు దీనికి కనుగొన్న ఉపాయము మిక్కిలి సామాన్యమైనది. జనరల్ మోటార్సు వారి రెండున్నర టన్నుల ఆరుచక్రముల లారీని గైకొని, దానిచుట్టు నీరు చొరని ఉక్కు దోనె నతికి, వెనుక నొక ప్రొపెల్లరు నమర్చిరి. దోనె రూపమును తీర్చిన వారిలో రాడ్ స్టీఫెన్సు పడవల రూపకల్పన యందు పేరుగన్నవాడు. దాని సంకేతాక్షరములు డి.యు.కె.డబ్ల్యు. సిపాయిలు 'డక్' అనిరి, అనగా బాతు. సైన్యాధికారులకు మొదట నమ్మకము చాలలేదు. తుఫానులో ఇసుకతిప్పపై చిక్కుకొన్న కావలిపడవలోని ఏడుగురిని ఈ బాతు పోయి తెచ్చిన పిదప ఆక్షేపణలు తగ్గెను. (కోర్టులోనైనను అంతే, వాదము కంటె సాక్ష్యము మేలు.) 1943లో సిసిలీ, 1944లో నార్మండీ తీరములలో అది పనిచేసెను. మొత్తము 21,147 బండ్లు తయారయ్యెను.

తేలుట గొప్పగాదు, ఇనుప మూకుడును తేలును. గట్టెక్కుటయే కష్టము. మెత్తని ఇసుకలో చక్రము దిగబడును. గాలి తగ్గించినచో టైరు వెడల్పై ఇసుకపై పరచుకొనును. గట్టి బాటపై మరల గాలి కావలెను. డ్రైవరు దిగకయే, బండి నడచుచుండగనే, గాలి తగ్గించుటకును పెంచుటకును ఇందు ఏర్పాటు గలదు. ఆ బండి ప్రాణమంతయు ఇందే యున్నదని నా యభిప్రాయము.

ఇక మన యింటి మాట. బోధను చెరకునకు నీరిచ్చు మంజీర సంగారెడ్డి సీమ మీదుగానే నిజాంసాగరమునకు వచ్చుచున్నది. ఆ సీమలోనే యెద్దుమైలారమున 1984లో స్థాపితమైన ఆయుధ కర్మాగారము, 1987 నుండి 'సారథ్' అను ఈదుబండ్లను సైన్యమున కందించినది. బరువు సుమారు పదునాలుగు టన్నులు. నడుపువారు ముగ్గురు, లోపల ఏడుగురు సైనికులు. ప్రొపెల్లరు లేదు, గొలుసుచక్రములే నీటిని వెనుకకు త్రోసి గంటకు ఏడు కిలోమీటర్లు నడుపును. చేతిపని మనవారిది. రూపము మాత్రము సోవియట్ బి.ఎం.పి.-2 నుండి వచ్చినది.

ఇందు బాధింపవలసినదేమి యందురా? 1971 డిసెంబరులో మన సైన్యము మేఘనా నదిని దాటునపుడు, ఆ దేశపు రూపకల్పనయే యగు పి.టి.-76 టాంకులు నీట దిగినవి. అంత దూరపు ఈతకు ఇంజనులు కాగిపోయినవి. నాటుపడవలు వానిని లాగవలసి వచ్చెను! పరుల పటము చూచి చేయు చేతికి నేర్పు వచ్చును గాని, మన నదుల వెడల్పు, మన రేగడి బురద ఆ పటములో నుండవు.

ఇంజనీరింగు చదువు యువకులారా! ఈ వానకాలమున కందకుర్తికి పొండు. గోదావరి మంజీరలు కలియుచోట ఒడ్డు వాలెంతయో, బురద లోతెంతయో, ప్రవాహవేగ మెంతయో కొలిచి వ్రాసికొనుడు. పడవవాని నడుగుట మరువకుడు. దారి ఖర్చులు నేను పెట్టుకొందును.