పటంలో అడవి – అడవిలో మనిషి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిలో జుగ్రాఫియా, అంటే భూగోళం చెప్పేవాణ్ని. హింస ఎక్కడ పుడుతుందో కూడా పటం చెబుతుందండి. ఆదిలాబాద్ అడవినే చూడండి.

నిజాం కాలంలో ఆ వైపు రైలు వచ్చింది, కాగితం మిల్లు వచ్చింది. అడవికి సర్కారు హద్దులు పడ్డాయి. తరతరాలుగా పోడు కొట్టి బతికిన గోండులు తమ నేలమీదే దొంగలయ్యారు. పట్టాలేమో కాగితం చదవగలిగిన పైవాళ్లకు దక్కాయి. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ఎదురుతిరిగాడు. సర్కారు తుపాకులు పంపింది, భీం నేలకొరిగాడు.

కథ అంతటితో ఆగలేదు. గొడవకు కారణం వెతకమని అదే సర్కారు హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ని పంపింది. ఆ తర్వాత వేల ఎకరాలకు గోండుల పేర పట్టాలిచ్చారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టారు.

తరువాత రోడ్లు పడ్డాయి, వ్యాపారులొచ్చారు, భూములు మళ్లీ చేతులు మారాయి. 1970లో చట్టం గట్టిపరిచినా అమలు అంతంత మాత్రమే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మందని సర్కారు లెక్క. ఇంకా ఎక్కువేనని జనం మాట.

సోదరులారా! రోడ్డు ముందొచ్చి, పట్టా, బడి వెనకబడితే, ఆ సందులోకే తుపాకీ వస్తుంది. కాగితం చదవలేనివాడి హక్కు ఇంకొకరి జేబులో ఉంటుంది. కనుక మన సంఘం ఇచ్చే సాయంలో బీదవాళ్ల కాగితం చదివిపెట్టడం కూడా ఒకటి కావాలని నా మనవి.

సెలవు.