వెలుగు దాటే గోడ: ఆప్టోకప్లర్



ఖరగ్‌పూర్ రైల్వే పనులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఝపటాపూర్ పిల్లలకు రైలుమార్గం పైతీగలో 25,000 వోల్టులుంటాయని, దాని దగ్గరకు పోరాదని ఇంట్లోనే చెబుతారు. మరి ఇంట్లోని సెల్‌ఫోన్ ఛార్జరులో 230 వోల్టులు మన చేతిదాకా రాకుండా ఆపేదేమిటి?

ఒకటి ట్రాన్స్‌ఫార్మర్. చాలా ఛార్జర్లలో రెండోది ఆప్టోకప్లర్. దానిలో ఒకవైపు ఎల్.ఇ.డి., మరొకవైపు ఫోటోట్రాన్సిస్టర్, నడుమ పారదర్శకమైన విద్యుత్ బంధకం ఉంటాయి. సంకేతం వెలుగు రూపంలో దాటుతుంది, విద్యుత్తు దాటదు.

దాని వివరపత్రంలో 5,000 వోల్టులని ఉంటే, ఎల్లకాలం అంత తట్టుకుంటుందని కాదు. అది ఒక్క నిమిషం పరీక్షలో నిలిచిన విలువ. నిరంతరం పనిచేయదగిన వోల్టేజి అంతకన్నా చాలా తక్కువ. దానిని విడిగా చూడాలి. బంధకంలో సన్నని గాలిబుడగలుంటే వాటిలో జరిగే పాక్షిక ఉత్సర్గం దానిని మెల్లమెల్లగా తినేస్తుంది. అందుకే ఐ.ఇ.సి. 60747-5-5 ప్రమాణంలో దీనికి ప్రత్యేక పరీక్ష ఉంది.

ఇక మన చేతిలో ఉన్నది. ఆప్టోకప్లర్ కింద రాగి గీతలు వేస్తే, దుమ్ము, తేమ చేరి ఉపరితలం మీదుగానే విద్యుత్తుకు దారి దొరుకుతుంది. రెండువైపుల గ్రౌండ్‌లను తీగతో కలిపితే, గోడ కట్టి తలుపు తెరిచిపెట్టినట్లే!

ప్రాజెక్టుకు కరెంటు ఇచ్చే ముందు ఈ రెండూ తప్పక చూసుకోండి.