ఆడుబాన్ పక్షుల గ్రంథము



మీ యిండ్ల అటకలమీద తాళపత్రములు కొన్ని యుండవచ్చును. కట్ట విప్పినవాడు మొదట చేయు పని ఆకులు లెక్కించుట. పక్షుల చిత్రములుగల పురాతన గ్రంథములను సేకరించువారును అదియే చేయుదురు. అట్టి గ్రంథములలో మిక్కిలి పేరుగన్నది ఆడుబాన్ వెలువరించిన అమెరికా పక్షుల గ్రంథము.

జాన్ జేమ్స్ ఆడుబాన్ అమెరికా యడవులలో సంచరించి చిత్రములు వ్రాసెను. అచ్చు మాత్రము 1827 మొదలు 1838 వఱకు బ్రిటనులో, అధికభాగము లండనునందు రాబర్టు హావెల్ చేతిమీదుగా జరిగెను. ప్రతి పక్షిని దాని నిజమైన కొలతతోనే చూపవలెనని యాతని పట్టుదల. అందుచే కాగితము నిడివి రెండు మూరలు దాటెను. అంతటి కాగితముపైనను ఫ్లెమింగో యిమడలేదు. దాని మెడను క్రిందికి వంచి వ్రాయవలసివచ్చెను! రాగిరేకులపై చెక్కి యచ్చొత్తిన పిమ్మట ఒక్కొక్క కాగితమునకు చేతితో రంగులు పూసిరి. విడతకు అయిదేసి చొప్పున 87 విడతలు, వెరసి 435 చిత్రములు. చందాదారులే వానిని గూర్చి జిల్దు కట్టించుకొనిరి. కొందఱు నడుమనే చందా మానిరి. కావున సంపూర్ణప్రతులు మొదటనే రెండువందలకు లోపు. నేడు తెలిసియున్నవి సుమారు 120.

లోపించినవానిలో కొన్ని కత్తిపాలైనవి. వర్తకుడు కుట్లు విప్పి, ఆకులు విడదీసి, ఒక్కొక్కటిగా నమ్మును. మొదటి యాకుననున్న అడవి సీమకోడికి, ఫ్లెమింగోకు గిరాకి మెండు. చిన్న పిట్టల నడుగువారు తక్కువ. కొన్నవాడు అద్దములో బిగించి గోడకు వ్రేలాడదీయును. వెలుతురునకు రంగు వెలసిపోవును. అందమునకై చేసిన పనియే అందమును చెఱచును. ఆ పుటలలో పాసింజరు పావురము గలదు. ఆడుబాన్ కాలమున అది గుంపులై యాకాశమును గప్పెడిది. కడపటిది 1914లో పంజరమున మరణించెను. అట్టి పక్షులకు ఆ గ్రంథము సాక్షి. సాక్షిని ముక్కలు చేసి యమ్ముట నాకు సమ్మతము గాదు.

నిండుప్రతి కొనుట సామాన్యులకు శక్యము గాదు. 2010లో లండను వేలమున నొక ప్రతి 73 లక్షల పౌనులు పలికెను. కాని చిన్న గ్రంథము కొనువాడును చిత్రముల పట్టికను ముందుంచుకొని యెంచవలెను. ఒక్కటి లోపించినను వెల సగమునకు బేరమాడుట తప్పు గాదు.

మరల నచ్చొత్తవచ్చును గదా యందురేమో. రాగిరేకులలో పెక్కింటిని పాతరాగిక్రింద నమ్మి కరగించిరి. అమెరికాలోని యొక కార్ఖానాలో కొలిమికడ నిలిచిన బాలుడొకడు రేకుపై పక్షిరూపును గుర్తించి, పెద్దలతో పోరి కొన్నింటిని మాత్రము తప్పించెను.