చేసిన చేతికీ పేరుండాలి

(నల్లగొండలో జరిగిన చేతివృత్తిదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

గత కొన్నేళ్లుగా మన రాష్ట్రపు చేతిపనులకు వరుసగా గౌరవాలు దక్కుతున్నాయి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన పలు దేశాల యువతులను లాడ్ బజారుకూ, పోచంపల్లికీ తీసుకువెళ్లి చూపించారు. అటువంటి పోటీల పట్ల మనలో ఎవరి అభిప్రాయం ఏదైనా, రాష్ట్రం తన గొప్పదనంగా లోకానికి చూపదలచిన వాటిలో గాజుల వీధి, నేత మగ్గం ఉన్నాయన్నది గమనించదగిన సంగతి.

ఇవన్నీ సంతోషించవలసినవే. అయితే మేము కొందరం ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్లం. ఇప్పుడు బస్తీలు తిరుగుతూ చదువురాని వారికి దరఖాస్తులు నింపిపెడుతున్నాం. అందువల్ల ఏ శుభవార్త విన్నా మాకు మొదట తోచే ప్రశ్న ఒకటే. రిజిస్టరులో ఎవరి పేరు ఎక్కింది? ఈ రోజు మీ ముందు ఉంచదలచినది కూడా ఆ ప్రశ్ననే.

ముందుగా తేలియా రుమాలు సంగతి చెప్పుకుందాం. తేలియా అంటే నూనె గలది అని అర్థం. ఆముదపు కాయలను కాల్చిన బూడిదను నీటిలో కలిపి, తేర్చిన ఆ క్షారంలో నూనె చేర్చి, అందులో నూలును పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెడతారు. రోజుల తరబడి ఇదే పని. ఆ తరువాత పడుగునూ పేకనూ విడివిడిగా సాగదీసి, రంగు అంటకూడని చోటల్లా కట్లు కట్టి అద్దుతారు. ఎరుపు, నలుపు, తెలుపు రంగులే దాని అందం. పడుగు మీది గుర్తు, పేక మీది గుర్తు మగ్గం మీద సరిగ్గా కలిస్తేనే బొమ్మ తేలుతుంది. దారం ఒక్క వాసి తప్పినా బొమ్మ చెదురుతుంది.

ఈ బట్టకు మొదటి నెలవు చీరాల. అక్కడి నుంచి ఈ రుమాళ్లు ఏడెన్ వంటి రేవులకూ, అరబ్బు దేశాలకూ, తూర్పు ఆఫ్రికా తీరానికీ వెళ్లేవి. నూనె పీల్చిన నూలు ఎండలో తలకు చల్లగా ఉంటుందని అక్కడివారు తలపాగాగా చుట్టుకునేవారు. హైదరాబాదు సంస్థానంలో కలవారి ఇళ్ల స్త్రీలు తేలియా దుపట్టాలు ధరించేవారు. చీరాలలో ఈ నేత సన్నగిల్లినా, నాటి నల్లగొండ జిల్లాలోని పుట్టపాకలో నిలిచింది. ఆ ఊరి గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ లభించింది. నేసినవారు పద్మశాలీలు, తలకు చుట్టుకున్నవారిలో ఎక్కువమంది ముస్లింలు. ఈ చేతిపని మాది, ఆ చేతిపని మీది అని గిరిగీసుకునేవారు ఈ చరిత్రను ఒకసారి తెలుసుకోవాలి.

బట్టలో కనిపించే చేతుల కన్నా కనిపించని చేతులే ఎక్కువ. మిల్లులు రాకముందు గింజ తీసిన దూదిని విల్లుతో ఏకి, ఏకులు చేసి ఇస్తేనే రాట్నం తిరిగేది. ఆ పని దూదేకులవారిది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్న పేర్లతో నేడు వారు బీసీ-బి జాబితాలో ఉన్నారు. ఆ జాబితాలో కులం పేరు మిగిలింది గాని, బట్ట చరిత్రలో వారి చేతి పేరు మిగలలేదు. నూలు మిల్లు వచ్చాక వారు పరుపులు, దిండ్లు కుట్టుకున్నారు. ఇప్పుడు ఫోము పరుపులు వచ్చి ఆ పని కూడా తరిగిపోతోంది.

నేతగాళ్ల ఇళ్లలోనూ ఇటువంటి కథే ఉన్నది. చిటికి కట్టడానికి ముందు నూలును ఆసు మీద పోయాలి. ఒక్క చీరకు స్త్రీలు వేలసార్లు చెయ్యి చాచి ముడవాలి. భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి పడే బాధ చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తరతరాలుగా స్త్రీలు చేస్తున్నది కూడా పనే అని లోకం గుర్తించడానికి ఆ యంత్రం రావలసి వచ్చింది.

మన ఇళ్లలోకి చూడండి. లక్కను బొగ్గుల వేడి మీద మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, కొలతకు వంచి గాజు చేస్తారు. ఆ వేడి తగ్గకముందే చిన్న చిన్న రాళ్లు, అద్దాలు వరుస తప్పకుండా పొదగాలి. వేళ్లు కాలుతాయి, కళ్లు అలసిపోతాయి. రాళ్లు పొదిగే పని ఎక్కువగా స్త్రీలది. మన పట్టణాలలో జర్దోజీ, మగ్గం వర్కు చేసే ఆడపిల్లలు పెళ్లి రవికె మీద రోజుల తరబడి వంగి కూర్చుంటారు. ఆ రవికె ధర దుకాణంలో వేలల్లో పలుకుతుంది. అందులో ఆ పిల్ల చేతికి అందేదెంతో మీకు తెలియనిది కాదు.

మేము నింపిన దరఖాస్తులలో ఒకటి చెబుతాం. ఇరవై ఏళ్లుగా మగ్గం వర్కుతో ఇల్లు నడుపుతున్న ఒక వితంతువు రుణం కోసం దరఖాస్తు పెట్టుకున్నది. ఆమె పాత పత్రాలన్నింటిలో వృత్తి అన్న చోట 'గృహిణి' అని ఉన్నది. వృత్తికి ఆధారం లేదని ఆ దరఖాస్తు తిరిగి వచ్చింది. ఆమె వేళ్లకున్న కాయలు కాగితం మీద లేవు కదా! కార్యాలయం చూసేది కాగితాన్నే. ఇది మేము జీవితమంతా బల్లకు అవతల కూర్చుని చూసిన సత్యం.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాం. భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. దాని రిజిస్ట్రీ చెన్నైలో ఉన్నది. రిజిస్టరులో రెండు భాగాలున్నాయి. 'ఎ' భాగంలో వస్తువు పేరు, దాని తరఫున దరఖాస్తు చేసిన సంఘం పేరు ఉంటాయి. 'బి' భాగంలో ఆ వస్తువును తయారుచేసే వ్యక్తులు అధీకృత వినియోగదారులుగా నమోదవుతారు. ఆ గుర్తును తన సరుకు మీద వాడుకునే హక్కు 'బి' భాగంలో పేరున్నవారికే. పత్రికలలో వచ్చే వార్త 'ఎ' భాగం గురించి. మన కడుపు నింపేది 'బి' భాగం. వ్యక్తుల నమోదు రుసుమును 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. ఇక అడ్డు రుసుము కాదు, తెలియకపోవడమే.

పేరు నమోదైతే ఏం లాభమని కొందరు అడుగుతారు. మరమగ్గపు బట్ట మీద ఇక్కత్ బొమ్మను అచ్చువేసి పోచంపల్లి పేరుతో అమ్మేవారు బజారులో ఎందరో ఉన్నారు. అసలు నేతలో బొమ్మ రెండు వైపులా ఒక్కలాగే ఉంటుంది, అచ్చు బట్టలో వెనుకవైపు వెలవెలబోతుంది. కొనేవారందరూ తిప్పి చూడరు. అటువంటి మోసం మీద చట్టప్రకారం నిలదీయాలంటే నిలదీసేవాడికి రిజిస్టరులో చోటుండాలి. గద్వాల, నారాయణపేట చీరలకూ గుర్తింపు ఉన్నది. ఆ నేతన్నలకూ ఈ మాట వర్తిస్తుంది.

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. అందులో 18 వృత్తులున్నాయి. దర్జీ పని ఆ జాబితాలో ఉన్నది. పనిముట్లకు 15,000 రూపాయల వోచరు, పూచీకత్తు లేకుండా మొదటి విడత లక్ష రూపాయల రుణం ఇస్తారు. మన దర్జీ సోదరులు ఎందరు దీనికి నమోదు చేసుకున్నారో మీలో మీరే లెక్క వేసుకోండి. లక్క గాజుల పని, దూదేకే పని మాత్రం ఆ 18లో లేవు. దేశం గుర్తింపు ఇచ్చిన గాజుకు, దానిని చేసే మనిషి కోసం తెచ్చిన పథకంలో చోటు లేకపోవడం న్యాయం కాదు. ఈ రెండు వృత్తులనూ చేర్చాలని ఈ సభ తీర్మానించాలని కోరుతున్నాం.

మన సంఖ్య ఎంతో తేలింది. 2024 నవంబరులో మొదలైన రాష్ట్ర కుల సర్వేలో ముస్లింలు 12.56 శాతమని తేలింది. 2006లో సచార్ కమిటీ ముస్లింలు స్వయం ఉపాధి మీద, చేతిపనుల మీద ఎక్కువగా ఆధారపడి ఉన్నారని, ఇంటి వద్ద పనిచేసే స్త్రీలు ఎక్కువని స్పష్టంగా రాసింది. తలల లెక్క సరే, చేతుల లెక్క కూడా తేలాలి. 2027 జనగణన అందుకు అవకాశం.

కాబట్టి మూడు పనులు చేయమని కోరుతున్నాం. మొదటిది, జనగణన సిబ్బంది వచ్చినప్పుడు వృత్తి అడిగితే 'ఏదో కూలి పని' అనకండి. లక్క గాజుల పని, జర్దోజీ పని, దర్జీ పని అని స్పష్టంగా చెప్పండి. ఇంట్లో స్త్రీ సంపాదిస్తుంటే ఆమె పనిని కూడా చెప్పండి. అది చిన్నతనం కాదు. రెండవది, కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే పహచాన్ గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయండి. జర్దోజీ చేసే అమ్మాయిల పేర్లు తండ్రి పేరునో భర్త పేరునో కాక వారి సొంత పేర్లతోనే ఉండాలి. మూడవది, ప్రతి పేటలో చదువుకున్న యువకులు, యువతులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పుస్తకం పెట్టి, ఎవరు ఏ పని ఎన్నేళ్లుగా చేస్తున్నారో రాయండి. ఫారాలు నింపడం మేము నేర్పిస్తాం. మా కళ్లు మందగించాయి, మీ కళ్లు కావాలి.

పద్మశాలీ మిత్రులకు ఒక మనవి. సహకార సంఘాల అనుభవం, పేరు నమోదుల అనుభవం మీకు మాకన్నా ఎక్కువ. ఆ దారి మాకు చూపండి. దూది ఏకిన చెయ్యి, నూలు వడికిన చెయ్యి, నేసిన చెయ్యి ఒకప్పుడు ఒకే బట్టలో కలిసి ఉన్నవే.

 సభ ముగిశాక బయట బల్ల దగ్గర ఫారాలతో కూర్చుని ఉంటాం. ఆధార్ కార్డు తెచ్చుకున్నవారు దయచేసి పేరు రాయించుకోకుండా వెళ్లవద్దు.